గులాబీరంగు గుజ్జు

ఆ శుక్రవారం పొద్దున్న దమయంతి వంటింట్లోకి వచ్చేసరికి కూతురు నళిని అప్పటికే మిక్సీ ముందు నిలబడి ఉంది. రెండు ఇడ్లీలు తుంపి, గోరువెచ్చని పాలు పోసి తిప్పుతోంది. మూత తీసి చెంచాతో కాస్త పైకెత్తి, ఒంపి చూసి, పెదవి విరిచి మళ్ళీ తిప్పింది.

“ఇంకా ఏం తిప్పుతావే? ఇప్పటికే గోడకేసే సున్నంలా ఉంది,” అంది దమయంతి.

“పలుకు తగలకూడదమ్మా. థెరపిస్ట్ ఏం చెప్పింది? చెంచా వంచితే ఒక్క ముద్దగా జారాలి. నీళ్ళు విడిపోకూడదు. నూకంత గింజ కూడా ఉండకూడదు.”

“అదంతా నిజమేలే. తినే మనిషికి అది ఇడ్లీ అని కూడా తెలియాలి కదా.”

నళిని మిక్సీ మళ్ళీ నొక్కింది. ఆమె అమెరికాలో వాళ్ళుండే పిస్కాటవేలోనే ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తుంది. అక్కడ రూలంటే రూలే. ఆగస్టు నుంచి ఆ పద్ధతి ఇంట్లోకీ వచ్చేసింది.

ఆగస్టులో దమయంతి భర్త చక్రపాణికి స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. మాట పోయింది. మింగడం కూడా కష్టమైపోయింది. తిన్నది పొట్టలోకి వెళ్ళకుండా ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుందని, ఈ వయసులో అది ప్రాణం మీదికి తెస్తుందని గట్టిగా హెచ్చరించి డాక్టర్లు ఇంటికి పంపారు. ఇంటికొచ్చాక కాలు కొంచెం స్వాధీనంలోకి వచ్చింది. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు. మాట మాత్రం రాలేదు. ఎవరేం చెప్పినా అర్థమవుతుంది, తిరిగి చెప్పడానికి “ఊ”, “ఊహూ” తప్ప ఏమీ లేదు.

ఆర్టీసీలో డిపో మేనేజరుగా రిటైరైన మనిషి. ఆయన గేటు దగ్గర కనపడితే చాలు, టీ తాగుతున్న డ్రైవర్లు గ్లాసులు సగంలో వదిలేసి స్టీరింగు దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. అలాంటి మనిషిని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి, మెడకు ఇప్పుడు నళిని ప్లాస్టిక్ గుడ్డ కట్టి, “నాన్నగారూ, ఆ అనండి... ఒక్కసారి... ఆ...” అంటూ చెంచా నోటి దగ్గర పెడుతోంది.

చక్రపాణి పెదవులు విడలేదు.

“పోనీ, మాత్రలైనా వేసుకోండి,” అంటూ నళిని ఒక చిన్న ప్లాస్టిక్ కప్పు మూత లాగింది. అందులో ఉన్నది స్టోర్‌లో దొరికే ఆపిల్ సాస్. ఆపిల్ పండ్లు ఉడికించి చేసిన గుజ్జు. హాస్పిటల్లో నర్సులు మాత్రలు నూరి అందులోనే కలిపి పెట్టేవారు. చక్రపాణి మాత్రలున్న రెండు చెంచాలూ ఎలాగో మింగి, మూడో చెంచాకు తల పక్కకు తిప్పేసుకున్నాడు.

స్కూల్ బ్యాగు తగిలించుకుంటూ మనవరాలు హంసిక అక్కడికొచ్చింది. “తాతకి అది హేట్, మామ్. నాకు కూడా. టూత్‌పేస్ట్ లాగ ఉంది అది.”

“నీ బస్ మిస్సవుతావు, వెళ్ళు.”

హంసిక తాతయ్య బుగ్గ మీద ముద్దు పెట్టి పరిగెత్తింది. నళిని ఆ ఇడ్లీ గిన్నె పక్కన పెట్టి, గొంతు తగ్గించి అంది. “అమ్మా, మొన్న వెయిట్ చూశావుగా. ఇలాగే ఉంటే మంగళవారం అపాయింట్‌మెంట్‌లో డాక్టర్ ట్యూబ్ అంటాడు. నేను ఓకే అనేద్దామనుకుంటున్నా.”

“ట్యూబంటే?”

“పొట్టకి చిన్న హోల్ చేసి ట్యూబ్ పెడతారు. ఫుడ్ డైరెక్ట్‌గా అందులోంచి వెళ్ళిపోతుంది. చాలామందికి పెడతారమ్మా. సేఫ్.”

“నోరుండగా పొట్టకు చిల్లెందుకే?” దమయంతి గొంతు లేచింది. “నా చేతివంట ఏనాడూ వద్దనలేదు మీ నాన్న. నాకు వదిలెయ్. నేను తినిపిస్తాను.”

“నువ్వు తినిపించేవి ఆయన తినకూడదమ్మా. అదే కదా ప్రాబ్లం!”

చక్రపాణి కుర్చీకి చెరో పక్కన నిలబడి తల్లీ కూతురూ మాట్లాడుకుంటున్నారు. మధ్యలో కూర్చున్న ఆయన కిటికీలోంచి రోడ్డు మీద పోయే స్కూల్ బస్సుకేసి చూస్తున్నాడు.

తన వంట మీద దమయంతికున్న నమ్మకం ఊరికే వచ్చింది కాదు. కాపురానికొచ్చిన కొత్తలోనే అత్తగారు వంటిల్లు అప్పజెప్పి కాళ్ళు చాపుకుని కూర్చుంది. పిస్కాటవే వచ్చాక కూడా అంతే. వీధిలో తెలుగువాళ్ళింట్లో ఏ పూజైనా, “ఆంటీ, పులిహోర మీరు కలపాలి” అంటూ ముందు ఈ ఇంటికే వస్తారు. జ్వరపడ్డ నోటికి ఏది రుచిస్తుందో, అలిగిన వాడి ముందు ఏది పెడితే అలక తీరుతుందో ఆమెకు తెలుసు. అలాంటిది, కట్టుకున్న మనిషి తన కళ్ళ ముందు చిక్కి సగమవుతుంటే మిక్సీకి అప్పజెప్పి ఊరుకోవాలా?

ఆ రోజు నళిని ఇంటి నుంచే పని చేస్తోంది. పైగదిలో మీటింగు మొదలైందని గొంతును బట్టి తెలుసుకుని, దమయంతి ముద్దపప్పు వండింది. అన్నాన్ని వెన్నలా మెదిపి, పప్పు కలిపి, మామిడికాయ ఊరగాయలోంచి నూనె మాత్రం చెంచాడు తీసి తడిపింది. ఆ వాసనకే చక్రపాణి కళ్ళు ఇటు తిరిగాయి.

“తింటారా?” అంది గుసగుసగా.

ఆయన నోరు తెరిచాడు. దమయంతి గుండె పొంగిపోయింది. మొదటి ముద్ద దిగింది. రెండోదీ దిగింది. ‘చూశావా, నళినీ’ అని మనసులో అనుకుంటూనే మూడో ముద్ద పెట్టింది.

అది దిగలేదు. దగ్గు మొదలైంది. ముందు చిన్నగా, తర్వాత ఆగకుండా. చక్రపాణి ముఖం కందిపోయింది, కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. ఎడమచెయ్యి గాల్లో దేనికోసమో వెతికింది. దమయంతి వీపు రాస్తూ, “ఏమండీ, ఏమండీ” అని అరిచింది. తలకు హెడ్‌సెట్‌తోనే నళిని మెట్లు దిగి పరిగెత్తుకొచ్చింది. తండ్రిని ముందుకు వంచి, వీపు మీద తట్టి, నోట్లోంచి మెతుకులు తీసింది. కాసేపటికి ఊపిరి దారిలో పడింది. నళిని నర్సుకు ఫోన్ చేసింది. జ్వరం వస్తుందేమో రెండు రోజులు కనిపెట్టి చూడమని, వస్తే వెంటనే ఎమర్జెన్సీకి తీసుకురమ్మని నర్సు చెప్పింది.

ఫోన్ పెట్టేసి నళిని తల్లివైపు తిరిగింది. పళ్ళెంలో మిగిలిన పప్పన్నం అక్కడే ఉంది.

“ఎన్నిసార్లు చెప్పానమ్మా? ఎన్నిసార్లు? నీ చేత్తో నువ్వే నాన్నగారిని చంపేసుకునేదానివి ఇవాళ!”

“నళినీ!”

“లేదు, ఇవాళ చెప్పనీ. నీకు నీ వంట ముఖ్యం. ఆయన తిన్నారు అనిపించుకోవాలి నీకు. ఆ తర్వాత ఏమైనా పర్లేదు.”

“నీకేం ముఖ్యమే మరి?” దమయంతి కూడా ఆగలేదు. “పొట్టకు గొట్టం పెట్టేస్తే నీ పని సులువైపోతుంది. గిన్నె కడగక్కర్లేదు, బతిమాలక్కర్లేదు. మొక్కకు నీళ్ళు పోసినట్టు పోసేసి ఆఫీసుకెళ్ళిపోవచ్చు!”

అన్నాక తెలిసింది ఆ మాట ఎంత లోతుగా దిగిందో. నళిని పళ్ళెం తీసి, అన్నం చెత్తబుట్టలో పడేసి మెట్లెక్కి వెళ్ళిపోయింది. తను వండిన అన్నం చెత్తబుట్టలో పడడం దమయంతి జీవితంలో అదే మొదటిసారి. భర్తవైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ముఖం గోడవైపు తిప్పుకుని ఉన్నాడు.

శనివారం మధ్యాహ్నం ఎవరూ ఊహించని విధంగా మంచు కురవడం మొదలుపెట్టింది. ఇంకా అక్టోబరు దాటలేదు. చెట్ల ఆకులు ఎర్రగా పచ్చగా కొమ్మల మీదే ఉన్నాయి. ఆ ఆకుల మీద తడిమంచు పేరుకుని, బరువు మొయ్యలేక కొమ్మలు టపటపా విరిగి పడుతుంటే టపాకాయలు పేలినట్టుగా వినపడింది. చీకటి పడేలోపు కరెంటు పోయింది. వీధి మొత్తం నల్లగా అయిపోయింది. షికాగోలో క్లయింట్ దగ్గరున్న అల్లుడు హర్షవర్ధన్ ఫ్లైట్ క్యాన్సిల్ అయిందని ఫోన్ చేశాడు.

ఆదివారం తెల్లవారేసరికి ఇల్లు ఐసుపెట్టెలా ఉంది. చక్రపాణికి జ్వరం రాలేదు, అదొక్కటే ఊరట. వాకిట్లో మేపుల్ చెట్టు పెద్దకొమ్మ విరిగి కారుకు అడ్డంగా పడి ఉంది. నళిని మిక్సీ ముందు నిలబడి దానివైపు కాసేపు చూసి, తల పట్టుకుంది. ఆపిల్ సాస్ కప్పు ఒక్కటే మిగిలింది.

“నాన్నగారికి ఏం పెట్టాలి ఇప్పుడు?” అంది ఎవర్నీ చూడకుండా. శుక్రవారం గొడవ తర్వాత తల్లి వినేలా ఆమె అన్న మొదటి మాట అదే. “స్టవ్ కూడా వెలగట్లేదు.”

“స్పార్కు రాకపోతే గ్యాసు రాదా ఏమిటి? దేవుడి దగ్గర అగ్గిపెట్టె ఉంది, పట్రా,” అంది దమయంతి.

అగ్గిపుల్ల గీసి, బర్నర్ అంటించి, నీళ్ళు పెట్టింది. నీలంమంట చూడగానే ముగ్గురు ఆడవాళ్ళకూ ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇంట్లో కాస్త వెచ్చగా ఉండేది ఇక వంటిల్లే అని, నళిని, హంసిక చెరో వైపు పట్టుకుని చక్రపాణిని హాల్లోంచి తీసుకొచ్చి వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. శాలువా కప్పారు. స్ట్రోక్ వచ్చాక ఆయన ఆ బల్ల దగ్గర కూర్చోవడం అదే మొదలు. తినిపించడం, మందులు, టీవీ అన్నీ హాల్లోని కుర్చీలోనే జరిగిపోయేవి.

“అమ్మమ్మా, ఆపిల్స్ ఉన్నాయి కదా,” అంది హంసిక. పోయిన వారం వాళ్ళ క్లాసువాళ్ళంతా తోటకెళ్ళి కోసుకొచ్చిన మెకింటాష్ రకం ఎర్రటి పండ్లు ఒక సంచీ నిండా గరాజ్‌లో పడి ఉన్నాయి. ఎవరూ తినడం లేదు. కొన్ని అప్పుడే మెత్తబడుతున్నాయి.

దమయంతి ఒక పండు నొక్కి చూసింది. “ఉడకబెట్టొచ్చు. కానీ పలుకు లేకుండా ఎలా నూరడం? టీ వడగట్టే జల్లెడలో రుద్దుతూ కూర్చుంటే సాయంత్రమవుతుంది.” మొన్నటి దాకా అయితే ‘గరిటెతో మెదిపేస్తాను, నాకు తెలీదా’ అనేది. ఇవాళ ఆ మాట నోటికి రాలేదు.

అంతలో వెనక తలుపు మీద ఎవరో తట్టారు. పక్కింటి వాండా. పోలిష్ ముసలావిడ, ఒంటరిది, దమయంతి కంటే పదేళ్ళు పెద్దది. బూట్ల నిండా మంచుతో, వీళ్ళెలా ఉన్నారో చూద్దామని వచ్చింది. సంగతంతా హంసిక చెబితే విని, బల్ల మీద పండ్లు చూసి, “ఆగండి” అని వెళ్ళి, చేతిలో ఒక ఇనప సామానుతో తిరిగొచ్చింది. అడుగున సన్నని చిల్లులున్న గిన్నె, లోపల ఏటవాలుగా ఒక రేకు, పైన తిప్పే పిడి. ఫుడ్ మిల్ అంది. కరెంటు అక్కర్లేదు.

“తొక్క తీయొద్దంటోంది అమ్మమ్మా. సీడ్స్ కూడా తీయొద్దంట. జస్ట్ కట్ చేసి కుక్ చేయమంటోంది.”

“తొక్కతోనా? ఆయనకు గొంతులో అడ్డం పడదూ?” దమయంతి బెదిరిపోయింది.

వాండా నవ్వి, తొక్కా గింజా పైనే ఉండిపోతాయని చేతులతో చూపించింది. గుజ్జొక్కటే కిందకి దిగుతుందట. తన ఇంట్లో గ్యాసుతో వెలిగే చలిమంట పొయ్యి ఉందని, చలి ఎక్కువైతే అందరూ వచ్చెయ్యమని చెప్పి వెళ్ళిపోయింది.

దమయంతి పండ్లు కడిగి నాలుగేసి ముక్కలు చేసింది. అడుగు మాడకుండా కాసిని నీళ్ళు పోసి, మూత పెట్టి, సన్నని సెగ మీద ఉంచింది. కాసేపటికి వంటిల్లంతా తియ్యపుల్లని వాసన కమ్ముకుంది. మూత తీస్తే ముక్కలు గరిటె తగలగానే విడిపోతున్నాయి. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి పోపుల డబ్బా వైపు వెళ్ళింది. ఇంత ఇంగువ, ఇంత జీలకర్ర... మూత మీద వేళ్ళు ఆగిపోయాయి. చెయ్యి వెనక్కి తీసుకుంది.

మిల్లును గిన్నె మీద పెట్టి, ఉడికిన ముక్కలు పోసి తిప్పడం మొదలుపెట్టింది. రెండు చుట్లు తిరిగేసరికి గిన్నె బల్ల మీద జారింది. ఎడమచేత్తో గిన్నె పట్టుకుంటే కుడిచేతికి బలం చాలలేదు. ఎప్పటినుంచో ఉన్న భుజం నొప్పి కలుక్కుమంది. “ఉండమ్మా, నేను తిప్పుతా,” అంటూ నళిని అవతలి నుంచి వచ్చింది.

ధబ్!

బల్ల మీద చప్పుడైంది. ముగ్గురూ ఉలిక్కిపడి చూశారు. చక్రపాణి ఎడమచెయ్యి బల్ల మీద ఉంది. మళ్ళీ ఒకసారి కొట్టి, వేలు పిడి వైపు చూపించి, ఆ వేలే తన గుండె మీద పెట్టుకున్నాడు.

“మీరు తిప్పుతారా?” అంది దమయంతి.

“ఊ.”

“వద్దు నాన్నగారూ, వేడిగా ఉంది, స్ట్రెయిన్ అవుతారు...” అంటున్న నళిని మాట, తండ్రి చూపుకు సగంలోనే ఆగిపోయింది. ఆ చూపు ఆమె చిన్నప్పుడు ఎరుగున్నదే. చాలా రోజుల తర్వాత మళ్ళీ కనపడింది.

దమయంతి గిన్నె ఆయన ముందుకు జరిపి, రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకుంది. చక్రపాణి ఎడమచేత్తో పిడి అందుకున్నాడు. మొదటి చుట్టు వంకరగా తిరిగింది. రెండోది కాస్త నయం. తర్వాత చెయ్యి వరసలో పడింది. అడుగున చిల్లుల్లోంచి గుజ్జు సన్నని పోగుల్లా దిగుతోంది. తెల్లగా ఉంటుందనుకున్నది లేత గులాబీరంగులో ఉంది. ఎర్రటి తొక్క రంగంతా లోపలికి దిగిపోయింది.

“వావ్, తాతా! ఇట్స్ పింక్!” అని హంసిక చప్పట్లు కొట్టింది.

తొక్క అడ్డుపడి పిడి బిగుసుకుంటే, ఆయన ఆగి, కాసేపు చూసి, వెనక్కి ఒక చుట్టు తిప్పాడు. తొక్క పైకి లేచింది. మళ్ళీ ముందుకు. నుదుటి మీద చెమట పట్టింది. ఆ చలిలో శాలువా భుజం మీంచి జారిపోతే ఆయన పట్టించుకోలేదు. మొదటి వాయి అయిపోయింది. దమయంతి తొక్కలు తీసేసి, రెండో వాయి ముక్కలు పోసి, గిన్నె మళ్ళీ అదిమి పట్టుకుని ఆయన ముఖంలోకి చూసింది.

చక్రపాణి పెదవులు కదిలాయి. గొంతులో ఏదో గిర్రుమంది. బలవంతాన, ఒక పక్కకు వంగిన నోటితో, బయటికి తోశాడు.

“రై... రైట్!”

బస్సు కదలడానికి కండక్టరు అరిచే మాట. రోజూ పొద్దున డిపో గేటు దగ్గర వినీ వినీ ఆయన నరాల్లో ఇంకిపోయిన మాట. రెండు నెలల తర్వాత ఆ గొంతులోంచి వచ్చిన మొట్టమొదటి మాట అదే. దమయంతి నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు. “రైట్, రైట్! పోనివ్వండి,” అంది గిన్నె వదలకుండానే.

గుజ్జంతా దిగాక దాన్ని మళ్ళీ కాసేపు సెగ మీద పెట్టి, పైన తేలే నీరు ఇగిరేదాకా కలిపి, చల్లార్చింది. అప్పుడు తనే గిన్నెను కూతురి ముందు పెట్టింది. “నీ పరీక్ష నువ్వు చెయ్యి. నువ్వు సరేనంటేనే.”

నళిని తల్లివైపు ఒకసారి చూసి, చెంచాతో తీసి వంచింది. గుజ్జు ఒక్క ముద్దగా జారింది. నీరు విడలేదు. వేళ్ళ మధ్య రుద్ది చూసింది, పలుకు లేదు. “పర్ఫెక్ట్‌గా ఉందమ్మా,” అంది. అలవాటుగా ప్లాస్టిక్ గుడ్డ అందుకుని తండ్రి మెడ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ముఖం కళ తప్పడం ఈసారి ఆమె చూసింది. చెయ్యి అక్కడే ఆగింది. గుడ్డ పక్కన పడేసి, చెంచా తీసి తండ్రి ఎడమచేతికి ఇచ్చింది.

చెంచా వణికింది. కొంచెం శాలువా మీద ఒలికింది. ఎవరూ తుడవలేదు. నోట్లో పెట్టుకున్నాక, “గడ్డం కిందికి...” అని నళిని చెప్పబోయేలోపే ఆయన గడ్డం కిందికి దించి, నిదానంగా మింగాడు. అన్నీ గుర్తున్నాయి. అన్నీ వింటూనే ఉన్నాడు. ఒక చెంచా, ఇంకో చెంచా. దగ్గు రాలేదు. గిన్నెలో సగం ఖాళీ చేసి, చెంచా బల్ల మీద పెట్టి, ఇక చాలన్నట్టు చెయ్యి ఊపాడు. స్ట్రోక్ వచ్చాక బతిమాలించుకోకుండా, తన చేత్తో తనే ఆయన తిన్న మొదటి తిండి.

భోజనాల వేళకు చక్రపాణి కుర్చీలోనే కునుకు తీశాడు. హంసిక వాండాకి ఒక సీసాడు గుజ్జు ఇచ్చి రావడానికి వెళ్ళింది. మిల్లు కడుగుతున్న దమయంతి పక్కకు నళిని వచ్చి నిలబడింది.

“ఆఫీసులో ఏదైనా బ్యాచ్ పాడైతే పారేసి ఇంకోటి చేస్తామమ్మా,” అంది ఎక్కడో చూస్తూ. “నాన్నగారు అలా కాదు కదా. ఒక్కసారి పొరపాటైతే... ఆ భయంతో రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు నాకు. ఆ భయంలో ఆయన్ని పేషెంట్ లాగా చూశాను తప్ప నాన్నగారి లాగా చూడలేదు. పసిపిల్లకి కట్టినట్టు గుడ్డ కట్టాను. ఆయనకి ఎంత కష్టంగా ఉండి ఉంటుందో!”

దమయంతి తడిచేతులు చీరకొంగుకు తుడుచుకుని కూతుర్ని దగ్గరికి తీసుకుంది. “నువ్వు మొన్న అన్నది అబద్ధం కాదే. నా వంట మీద నాకున్న గర్వమే ఆ రోజు ఆయన గొంతుకు అడ్డం పడింది. నేనన్న మాట మాత్రం తప్పు. నీ పని సులువు చేసుకుంటావని అన్నాను చూడు, ఆ మాటకు నా నాలుక కోసుకున్నా పాపం పోదు.”

“ఊరుకో అమ్మా.”

“ఆయన ఏం తినాలో నువ్వు చెప్పావు, ఏం తింటారో నేను చెప్పాను. ఆయన్ని అడిగిందెవరు? కుర్చీకి అటొకరం ఇటొకరం నిలబడి, నెత్తి మీంచి పోట్లాడుకున్నాం.”

తల్లి భుజం మీద తల పెట్టి నళిని చాలాసేపు ఏడ్చింది. భుజం నొప్పి పుడుతున్నా దమయంతి కదలలేదు.

సోమవారం కరెంటు వచ్చింది. అద్భుతాలేమీ జరగలేదు. మిక్సీలో తిప్పిన ఇడ్లీ ఆయన సగమే తిన్నాడు. కానీ అది వంటింటి బల్ల దగ్గర కూర్చుని, మిక్సీ బటన్ తనే నొక్కి, తన చేత్తో తిన్నాడు. పప్పు, కూర, పచ్చడి దేనికది వేరుగా నూరి, దేని రుచి దానికుండేలా చిన్న చిన్న గిన్నెల్లో పెట్టింది దమయంతి. ప్రతి గిన్నె ముందుగా నళిని చేతికిచ్చి, “చూడవే, సరిపోయిందా?” అని అడిగింది. ఆ అడగడంలో ఆమెకు చిన్నతనమేమీ అనిపించలేదు. పైగా ఇంత మెత్తగా నూరి కూడా కూరకు కూర రుచి నిలబెట్టగలనని కొత్త ధీమా వచ్చింది.

మంగళవారం ముగ్గురూ డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. డాక్టర్ పెద్దాయన, నెమ్మదస్తుడు. బరువు చూసి, కాగితాలు చూసి, నళినివైపు తిరిగి ట్యూబ్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఎలా పెడతారు, ఎన్నాళ్ళు ఉంచుతారు, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి. నళిని సగం దాకా విని, చెయ్యెత్తి ఆపింది.

“సారీ డాక్టర్. ఆయనకి అన్నీ అర్థమవుతాయి. దయచేసి ఆయన్నే అడగండి. నేను తెలుగులో చెప్తాను.”

డాక్టర్ తన స్టూలు చక్రపాణి ఎదురుగా జరుపుకుని, కళ్ళలోకి చూస్తూ మొత్తం మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. నళిని ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పింది. దేన్నీ దాచలేదు, దేన్నీ తగ్గించలేదు. ట్యూబ్ పెడితే ఏం మేలో చెప్పింది. పెట్టకపోతే ఏం ప్రమాదమో కూడా చెప్పింది. చివర్లో తండ్రి ఎడమచెయ్యి పట్టుకుని అడిగింది.

“మీరేమంటారు నాన్నగారూ? మీరు ఎలా అంటే అలాగే.”

దమయంతి పెదవి కొరుక్కుని కూర్చుంది. ‘వద్దనండి’ అనాలని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది.

చక్రపాణి కూతురివైపు చూశాడు. భార్యవైపు చూశాడు. తర్వాత డాక్టర్‌వైపు తిరిగి వీపు నిటారుగా చేసుకుని కూర్చున్నాడు. పెదవులు దగ్గరికొచ్చాయి, విడిపోయాయి, మళ్ళీ దగ్గరికొచ్చాయి. గదిలో ఎవరూ తొందరపెట్టలేదు.

“వ... ద్దు.”

నళిని ఇంగ్లీషులో చెప్పడానికి నోరు తెరిచింది. చెంపల మీదుగా నీళ్ళు జారిపోతున్నాయి. డాక్టర్ నవ్వి, అక్కర్లేదన్నట్టు ఆమెకు చెయ్యి చూపించాడు.

“ఆయన చెప్పింది నాకు అర్థమైంది,” అన్నాడు. రెండు వారాల తర్వాత బరువు చూద్దామని, ఈలోగా మింగే పరీక్ష మళ్ళీ చేయిద్దామని కాగితం మీద రాసి, ఆ కాగితం నళినికి కాకుండా చక్రపాణి చేతికిచ్చాడు.